ఫరహాబాదు ఘాటు

పోయిన చలికాలంలో రుక్కమ్మకు మొగుడి మీద అనుమానం మొదలైంది.

భిక్షపతి మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు లారీ నడిపేవాడు. సూర్యాపేటకు, కోదాడకు బస్తాలు చేరవేయడం అతని పని. రజాకార్ల గొడవ నడిచినన్నాళ్లూ పొద్దుగూకాక ఎవరూ రోడ్డెక్కేవాళ్లు కాదు కాబట్టి, అతను ఏ ఊళ్లో చీకటి పడితే ఆ ఊళ్లోనే ఆగిపోయినా ఆమెకు తప్పుగా తోచలేదు. పోలీసు చర్య అయిపోయింది. దారులు తెరుచుకున్నాయి. మిగతా లారీల వాళ్లు ఎప్పటిలా రాత్రిళ్లు కూడా తిరుగుతున్నారు. భిక్షపతి మాత్రం సూర్యాపేటలో సాయంత్రమైతే ఇక ఇంటికి రావడం లేదు.

"తమ్ముని ఇంట్ల పన్న" అనేవాడు అడిగితే.

తమ్ముడు మల్సూర్ సూర్యాపేటలో సైకిళ్లు బాగుచేసుకుంటూ బతుకుతాడు. సంక్రాంతి ముందు అతను మిర్యాలగూడ వచ్చినప్పుడు రుక్కమ్మ మాటల్లో పెట్టి అడిగింది. అన్న తన గడప తొక్కి రెండు నెలలు దాటిందని అతను చెప్పాడు.

ఆమె ఆ మాట మొగుడి దగ్గర ఎత్తలేదు. ఎత్తితే అతను ఔనంటాడేమోనని భయం. ఇంట్లో ఉన్న రోజుల్లోనూ అతను మునుపటి మనిషిలా లేడు. దీపం ముట్టించే వేళకు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిల్లలు కాళ్లకు అడ్డం వస్తే కసురుకునేవాడు. పక్కన నిలబడి పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. మనసు ఇంకొక చోట పెట్టిన మనిషి ఇలాగే ఉంటాడని రుక్కమ్మ అనుకుంది. సూర్యాపేటలో ఆ ఆడది ఎవరై ఉంటుంది, ఎట్లా ఉంటుంది అని బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయేది.

చైత్రంలో మిల్లు సేటు బిడ్డ పెళ్లి జరిగింది. భిక్షపతి పది రోజులు పెళ్లివాళ్లను అటూ ఇటూ తిప్పాడు. సేటు సంతోషపడి, మూడు రోజులు లారీ నీదే, ఇంటిల్లిపాదినీ ఎక్కడికన్నా తిప్పి తీసుకురమ్మన్నాడు. ఎక్కడికని అడిగితే అందరికంటే ముందు నోరు తెరిచింది భిక్షపతి తల్లి గోపమ్మ.

"నల్లమల" అంది ఆమె.

గోపమ్మది గొర్ల మంద ఇల్లు. ఎండాకాలం ఇక్కడ గడ్డి మాడిపోతే ఆమె తండ్రి మందను తోలుకొని నల్లమల ఎక్కేవాడు. పెళ్లయ్యేదాకా ఏటా ఆమె కూడా వెంట పోయేది. ఆ తర్వాత నలభై ఏళ్లుగా ఆ గుట్టల ముఖం చూడలేదు. గుట్ట మీద ఫరహాబాదు దగ్గర నైజాం సర్కారు షికారు బంగ్లా ఉందని, దానికోసం మోటారు కార్లు పోయే రోడ్డు వేశారని ఆమె ఎవరి దగ్గరో విన్నది. "మేం కాళ్లతోని ఎక్కినం. ఇప్పుడు మోటరే ఎక్కుతదంట. ఒక్కసారి సూసొస్త" అంది. అడవిలో అప్పుడు మిలిటరీ తిరుగుతోంది. పోవాలంటే పోలీసు అమీను చిట్టీ కావాలి. సేటు ఆ చిట్టీ కూడా రాయించి ఇచ్చాడు.

భిక్షపతి చిట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "పోదాం. పగటీలి పోయి పగటీలి రావాలె" అన్నాడు.

మల్సూర్ కుటుంబం ముందురోజే సూర్యాపేట నుంచి వచ్చింది. అతని భార్య కొమురమ్మది కోదాడ. చంకలో ఏడాది బిడ్డ. రుక్కమ్మకు ఇద్దరు, తొమ్మిదేళ్ల అంజమ్మ, ఆరేళ్ల సైదులు. తెల్లవారుతుండగా లారీలో గడ్డి పరిచి, దాని మీద గొంగళ్లు పరిచి, సద్దిమూటలు, నీళ్ల కుండ ఎక్కించారు. మల్సూర్ అలవాటుగా ముందు కూర్చోబోతే భిక్షపతి ఆపాడు.

"నువ్వు ఎనక పిల్లలను సూసుకో. మీ వదినె ముంగట కూసుంటది."

రుక్కమ్మ ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో అతను ఆమెను ముందు కూర్చోబెట్టుకోవడం అదే మొదలు. మూతి బిగించుకొని ఎక్కి కూర్చుంది కానీ, లోపల ఎక్కడో కొంచెం మెత్తబడింది.

పెద్దవూర, దేవరకొండ, డిండి దాటి ఆ సాయంత్రానికి గుట్ట కింద మన్ననూరు చేరారు. దారిలో ఒక్కచోట మాత్రం చేను గట్టు మీదనుంచి ఎద్దుబండి పక్కగా రోడ్డెక్కింది. రుక్కమ్మ అరిచేదాకా భిక్షపతి బ్రేకు వేయలేదు. బండి తోలేవాడు తిట్టాడు. భిక్షపతి మళ్లీ గేరు వేశాడు. మనసు ఇక్కడ లేదు, ధ్యాస ఆ సూర్యాపేట ఆడదాని మీదే ఉంది అనుకుంది రుక్కమ్మ.

మర్నాడు ఉదయం ఘాటు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టారు.

నవాబుల కార్ల కోసం వేసిన కంకర రోడ్డు అది. లారీ పట్టేంత వెడల్పే. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క లోయ. కింద చెట్ల కొసలు కనిపిస్తున్నాయి. ఆ కొసల మీద పొగమంచు ఇంకా కరగలేదు. వెనక పిల్లలు నెమలిని చూశామని కేకలు పెడుతున్నారు. గోపమ్మ చెట్ల పేర్లు చెబుతోంది. రుక్కమ్మకు కూడా గుండె తేలికైంది. ఇంత ఎత్తుకు ఆమె ఎప్పుడూ రాలేదు. చెవుల్లో గాలి నిండినట్టయింది.

మూడో మలుపు దగ్గర ఆమె ఒక విషయం గమనించింది. రోడ్డు చెట్ల నీడలోకి పోయిన ప్రతిసారీ భిక్షపతి కాలు బ్రేకు మీదికి పోతోంది. లారీ దాదాపు ఆగినంత పనవుతుంది. నీడ దాటి ఎండలో పడగానే మళ్లీ కాలు తీస్తాడు. మొదట బండికేదో అయిందనుకుంది. తర్వాత అతని ముఖం చూసింది. బావిలో పడిన చెంబు కోసం వంగి చూసేవాడిలా, రెప్ప వేయకుండా, మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. చెంపల మీదుగా చెమట కారుతోంది.

పెద్ద మద్దిచెట్ల గుంపు వచ్చింది. లోపల చీకటిగా ఉంది.

"ముంగట ఏమున్నది?" అన్నాడు మెల్లగా.

"రోడ్డే ఉన్నది."

"ఎటు తిరిగింది?"

వేళాకోళం అనుకుంది. కానీ అతని గొంతులో వేళాకోళం లేదు. స్టీరింగు మీద వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

"కుడిదిక్కు" అంది.

అతను కుడికి తిప్పాడు.

"ఇంకా తిరగాల్నా?"

"ఇంక జర. ఆ. సాలు."

నీడ దాటింది. ఎండలో అతను గట్టిగా గాలి పీల్చి వదిలాడు. ఆమె వైపు చూడలేదు. సూర్యాపేట, గోడవైపు తిరిగి పడుకోవడం, ఎద్దుబండి, పిల్లల మీద కసుర్లు అన్నీ ఒక్కసారి ఇంకోలా అర్థమయ్యాయి. ఆడది లేదు. ఎక్కడా లేదు. ఆ మాట తోచగానే కన్నీళ్లు వచ్చినంత సంతోషం వేసింది. ఆ వెంటనే వెనక పిల్లల నవ్వులు వినిపించాయి. పక్కన లోయ కనిపించింది.

ఆపమందామనుకుంది. కానీ ఆపి ఏం చేయాలి? ఈ రోడ్డు మీద లారీ వెనక్కి మళ్లదు. నడపడం వచ్చిన రెండో మనిషి లేడు. ఆమె సీటు అంచుకు జరిగి, రెండు చేతులూ ముందు చెక్క మీద ఆనించి, రోడ్డు మీదే కళ్లు పెట్టుకుంది.

"ఎడమకు. మెల్లగ. రాళ్లున్నయి, కుడికి జరుగు. ఇగ సక్కగ పో."

వెనక కిటికీలోంచి సైదులు తల పెట్టాడు. "అవ్వా, ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"మీ నాయినకు గుట్టలు సూపెడుతున్న బిడ్డా."

అలా ఆరు మైళ్లు ఎక్కారు. దారి పొడుగునా ఎంత అందం ఉందో అందరూ తర్వాత చెప్పుకున్నారు. రుక్కమ్మకు కంకర, గుంతలు, అంచు తప్ప ఏమీ గుర్తు లేదు.

పైన ఎండ బాగా కాస్తోంది. షికారు బంగ్లా తాళం వేసి ఉంది. దాని ముందు గుట్ట అంచు దాకా రాతినేల, అక్కడినుంచి కిందికి కనుచూపు మేరా అడవి. కొమురమ్మ బిడ్డను ఎత్తి పట్టుకొని, "అబ్బ, ఎంత దూరం కనపడుతుందో చూడు" అంది. భిక్షపతి కూడా వచ్చి అందరితో పాటు నిలబడ్డాడు. ఎండలో అతను ఎదురుగా ఉన్నదాన్ని చూడగలుగుతున్నట్టుంది. కానీ తల కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ ముక్కలు ముక్కలుగా చూస్తున్నాడు. పక్కనుంచి కొమురమ్మ నీళ్ల చెంబు అందిస్తే తీసుకోలేదు. ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. రుక్కమ్మ చెంబు అందుకొని అతని చేతిలో పెట్టింది.

అక్కడినుంచి రెండు మైళ్లు లోయలోకి దిగితే జలధార ఉంది. దారి చూపడానికి, గుట్ట కింద అడవి గేటు దగ్గర లారీ ఎక్కిన చౌకీదారు తులసీరాం వెంట వచ్చాడు. పొద్దు వాలకముందే గుట్ట దిగిపోవాలని, చీకటి పడితే గేటు మూస్తారని, మిలిటరీవాళ్లు ఎవరినీ వదలరని అతను ముందే చెప్పాడు.

"మూడు గంటలకల్ల మళ్లుదాం" అన్నాడు భిక్షపతి.

కాలిబాట ఇరుకు. ఒకచోట బండల మీద కూర్చొని జారాలి. ఇంకొకచోట వేర్లు పట్టుకొని దిగాలి. అరవై ఏళ్లు దాటిన గోపమ్మ అందరికంటే ముందు, కాళ్లకు ఆ దారి ఇంకా జ్ఞాపకం ఉన్నట్టు నడిచింది. భిక్షపతి అంజమ్మ భుజం మీద చెయ్యి వేసి దిగాడు. నాయిన తనను పట్టుకొని నడుస్తున్నాడని ఆ పిల్ల మురిసిపోయింది. ఆ భుజం మీద అతని చెయ్యి ఎంత బరువుగా ఉందో వెనకనుంచి రుక్కమ్మకు తెలుస్తూనే ఉంది.

లోయ అడుగున చల్లగా ఉంది. ఎత్తునుంచి సన్నగా నీళ్లు పడుతున్నాయి. పిల్లలు బట్టలతోనే గుండంలో దిగారు. మల్సూర్ వాళ్లను పట్టుకొని నిలబడ్డాడు. భిక్షపతి కొంచెం దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. రుక్కమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎప్పటిసంది?" అంది.

అతను తప్పించుకోవాలని చూడలేదు. "మూడేండ్లు అయితుంది. జర్మనీ లడాయి రోజులల్ల బొగ్గుతోని నడిచే లారీ తోలిన కద. ఆ పొగకే అనుకున్న. ముందుగాల రాత్రి కనవడేది కాదు. ఇప్పుడు పక్కలు కూడ కనవడ్తలేవు. ఎదురుంగ ఒక్కటి మాత్రం, గొట్టంల నుంచి సూసినట్టు."

"దవాఖానల సూపెట్టినవా?"

"హైదరాబాద్ల సూపెట్టిన. దీనికి మందు లేదన్నడు డాక్టరు. ఉన్నది కూడ పోతదన్నడు."

రుక్కమ్మ గుండంలో ఉన్న పిల్లల వైపు చూసింది.

"సూర్యాపేటల యాడ పండేటోనివి?"

"లారీలనే. గంజ్ బజారు ఎనక ఆపుకొని."

"నేను ఇంకోటి అనుకున్న" అంది ఆమె.

"తెలుసు. నువ్వు మల్సూర్ను అడిగినవని వాడు చెప్పిండు. గదే అనుకోనియ్యి అనుకున్న. తిట్టుకుంటవు, ఏడుస్తవు. కని పిల్లలకు తిండెట్ల అని పరేషాన్ అయితే కావు కద."

రుక్కమ్మకు అతన్ని కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనిపించింది. మరిది, తోడికోడలు ఎదురుగా ఉన్నారు. రెండింట్లో ఏదీ చేయలేక చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

"ఇప్పుడు దిగుడెట్ల?" అంది.

"ఎండ ఉండంగ దిగితే ఏం కాదు. నువ్వు పక్కన ఉన్నవు. ఎక్కలేదా."

తిని లేచేసరికి రెండు దాటింది. అప్పుడు గోపమ్మ అడిగింది. ఇంకాస్త పక్కకు పోతే ఒక రాతి చరియ ఉందట. ఆమె తండ్రి మందను అక్కడే కట్టేవాడట. ఆమె తమ్ముడు అక్కడే పుట్టాడట. పసివాడుగానే పోయాడట, ఆ చరియ పక్కనే మట్టి చేశారట. ఈ సంగతి కొడుకులకు కూడా ఆమె ఇంతవరకూ చెప్పలేదు.

"ఎంత దూరమత్తా?" అంది రుక్కమ్మ.

"గీడనే. గా మూల తిరిగితే."

"పొద్దు వాలుతుందత్తా. గేటు మూస్తరంట. మళ్ల వద్దాం."

గోపమ్మ ఆమెకేసి చూసింది. "మళ్లెప్పుడస్త బిడ్డా నేను?"

నీ కొడుకుకు కళ్లు లేవని రుక్కమ్మ ఎలా చెబుతుంది? చెప్పకుండా ఎలా ఆపుతుంది? మొగుడివైపు చూసింది. అతను తల్లి గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి ఉన్నాడు.

"పోనీ" అన్నాడు. "సూసి రానీ."

గా మూల అన్నది అరమైలు పైనే ఉంది. గోపమ్మ ఆ చరియ కింద కూర్చొని, చేత్తో మట్టి ఊడ్చి, ఏ రాయి కోసమో వెతికింది. ఒకటి చూసి అదే అంది. తర్వాత అది కాదంది. ఇంకొకటి వెతికింది. ఎవరూ ఆమెను లేపలేకపోయారు. రుక్కమ్మ మాత్రం లోయ అంచున ఎండ పైపైకి పాకుతూ పోవడాన్నే చూస్తూ నిలబడింది. ఒక బండ మీద ఉన్న ఎండ కాసేపటికి దాని పై బండ మీదికి పోయింది. తర్వాత ఆ పైన చెట్ల మీదికి. ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

ఎక్కేటప్పుడు గోపమ్మకు ఆయాసం వచ్చింది. పది అడుగులకు ఒకసారి కూర్చుంది. బంగ్లా దగ్గరికి చేరేసరికి పడమట ఆకాశం ఎర్రబడి ఉంది. తులసీరాం గేటు మూయకుండా ఆపుతానని దగ్గరిదారిన పరిగెత్తాడు. మల్సూర్ హ్యాండిల్ వేసి తిప్పి ఇంజను లేపాడు. లారీకి ఒకటే దీపం వెలుగుతుంది. దాని వెలుగు రోడ్డు మీద పసుపు నీళ్లు చల్లినట్టుందంతే.

"ఇక్కడనే ఉందామా?" అంది రుక్కమ్మ మెల్లగా, కేబిన్లో.

"పులులు తిరిగే జాగ. పైన మిలిటరీ. పసిపిల్ల ఉన్నది" అన్నాడు. "ఎలుగున్నంతల సగం దిగుతం. చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మలుపు, రెండో మలుపు. వెలుగు తగ్గుతున్న కొద్దీ రోడ్డూ అంచూ ఒకే రంగులోకి వస్తున్నాయి. ఆమె మాట చెప్పడానికి, అతని చెయ్యి తిప్పడానికి మధ్య క్షణం పడుతుంది. ఆ క్షణంలో లారీ కొంచెం ముందుకు పోతుంది. ఎక్కేటప్పుడు అది లెక్కలోకి రాలేదు. దిగేటప్పుడు ప్రతి మలుపుకూ అదే ప్రాణం మీదికి వచ్చింది.

నాలుగో మలుపు దగ్గర ఆమె "ఎడమకు" అంది. చెప్పాక అనుమానం వచ్చింది. ఆమె చూసింది రోడ్డు కాదు, వాన నీళ్లు పారిన జాడ.

"ఆపు. కాదు. ఆపు."

లారీ ఒరిగి ఆగింది. ముందు చక్రం కింద రాళ్లు కదిలి లోయలో పడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి, చాలాసేపు వినిపించాయి. వెనకనుంచి కొమురమ్మ ఏడుపు. మల్సూర్ కేబిన్ పైకప్పు మీద దబదబ కొట్టాడు.

భిక్షపతి ఇంజను ఆపేశాడు. స్టీరింగు మీదనుంచి రెండు చేతులూ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

అందరూ దిగారు. మల్సూర్ చక్రాల కింద రాళ్లు పెట్టాడు. భిక్షపతి గుట్ట వైపు తలుపులోంచి దిగి, ఇంజను రేకును చేత్తో తడుముకుంటూ ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతను తడుముకోవడం అప్పటికి అందరూ చూశారు.

"నాకు కండ్లు కనవడ్తలేవు" అన్నాడు. "పొద్దుగూకితే మొత్తం కనవడవు. పగటీలి సగం కనవడ్తది."

మల్సూర్కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్న మీదికి ఒక అడుగు వేసి ఆగాడు.

"ఎరుకుండి ఎక్కించుకున్నవా మమ్ముల? నా బిడ్డను?"

"ఔ."

"వదినె, నీకు ఎరుకనా?"

"పొద్దుగాల ఎరుకైంది" అంది రుక్కమ్మ.

"పొద్దుగాల ఎరుకైతే మళ్ల ఎక్కినం కద ఇప్పుడు. ఒక్క మాట చెప్పద్దా?"

అతను అడిగింది న్యాయమే. గోపమ్మ రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది. "నేను జాగు జేసిన. నేనే జాగు జేసిన" అని అదే మాట చాలాసార్లు అంది. భిక్షపతి ఆ గొంతును పట్టుకొని వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆ రాత్రి లారీ పక్కన మంటలు వేసుకొని గడిపారు. పులీ రాలేదు, మిలిటరీ రాలేదు.

తెల్లవారి ఎండ బాగా వచ్చేదాకా ఆగి, మల్సూర్ రాళ్లు తీశాడు. ఇంజను లేపాడు. లారీని వెనక్కి తీయించడానికి తానే ముందు నిలబడి చెయ్యి ఊపాడు. లారీ రోడ్డు మధ్యకు వచ్చింది. అందరూ ఎక్కాలి. ఎవరూ ఎక్కలేదు.

"నేను ఎక్కను. ఏమైనా అనుకోండి" అంది కొమురమ్మ, బిడ్డను గుండెకు అదుముకొని. "నడిచి దిగుతాను."

మల్సూర్ ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాడు. తర్వాత వచ్చి సైదులును ఎత్తుకున్నాడు, అంజమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "నేను నాయినతోని వస్త" అని అంజమ్మ గింజుకుంది. మల్సూర్ వదల్లేదు. గోపమ్మ లారీ దగ్గరికి వచ్చి ఎక్కబోయింది.

"నువ్వు గూడ నడువవ్వా" అన్నాడు భిక్షపతి కేబిన్లోంచి.

"నీ బండిల నేను ఎక్కకపోతే ఎట్లరా?"

"నడువు. నాకు చేతులు వణుకుతయి నువ్వుంటే."

ఆమె వెనక్కి తగ్గింది. రుక్కమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకొని తన చోటుకు ఎక్కింది.

"నువ్వూ దిగు" అన్నాడతను.

ఆమె తలుపు వేసుకుంది.

నాలుగు మైళ్లు. లారీ ఎద్దుబండి నడకన దిగింది. వెనక ఇరవై గజాల దూరంలో ఇంటివాళ్లు నడిచి వస్తున్నారు, మూటలు నెత్తిన పెట్టుకొని. మలుపు తిరిగినప్పుడల్లా రుక్కమ్మకు పైన రోడ్డు మీద వాళ్లు కనిపించేవాళ్లు. శవం వెనక నడిచే మనుషుల్లా ఎవరూ ఎవరితో మాట్లాడకుండా వస్తున్నారు. ఒకసారి అంజమ్మ చెయ్యి ఊపింది. రుక్కమ్మ చెయ్యి ఊపలేదు. రోడ్డు మీదనుంచి చూపు తిప్పితే ఏమవుతుందోనని.

కింద గేటు దగ్గర లారీ ఆపాక భిక్షపతి, "అందరు వస్తున్నరా?" అని అడిగాడు.

"వస్తున్నరు."

"కోపంగ ఉన్నరా?"

"అలిసిపోయి ఉన్నరు" అంది ఆమె.

చదునునేల మీద వాళ్లు ఎక్కక తప్పలేదు. వేరే బండి లేదు. ఈసారి మల్సూర్ ముందు కూర్చున్నాడు, చేతి బ్రేకు మీద చెయ్యి వేసుకొని. పొద్దు వాలకముందే దేవరకొండలో ఆగి, మర్నాడు మధ్యాహ్నం మిర్యాలగూడ చేరారు.

మల్సూర్ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. లారీని మిల్లులో పెట్టి భిక్షపతే సేటు గదిలోకి పోయి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. సేటు మంచివాడే. వినేసరికి ముఖం నల్లబడింది. తన బిడ్డ పెళ్లిలో ఎవరెవరిని ఆ లారీ ఎక్కించాడో తలుచుకున్నాడు కావచ్చు. చివరికి మిల్లు గేటు తీసే పని ఇచ్చాడు. బెజవాడ వైపునుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. అతను హారన్ కొడితే భిక్షపతి గేటు తీస్తాడు. ఆ లారీ ఇంజను చప్పుడు విని, గేరు సరిగా పడలేదని తనలో తాను అనుకుంటాడు.

రుక్కమ్మ కూడా మిల్లులో చెరగడానికి కుదిరింది. చాటతో చెరిగీ చెరిగీ భుజాలు పట్టేసేవి. అతను భయపడింది ఈ ఒక్కదానికే కదా అనిపించేది ఆమెకు. ఇది పెద్ద కష్టం కాదు. కష్టం ఇంకొకటి ఉంది. అతను రోజురోజుకూ ఇంకొంచెం పోగొట్టుకోవడం దగ్గరుండి చూడడం. తొలకరికి అన్నం పళ్లెంలో కూర ఎక్కడుందో కనబడింది. దసరాకు వేళ్లతో తడిమి చూసుకున్నాడు.

గోపమ్మ మాత్రం ఊరుకోలేదు. గుట్ట మీద ఆ సాయంత్రం తాను జాగు చేయకపోతే కొడుకు కళ్లు బాగానే ఉండేవన్నట్టు మాట్లాడేది. అలా కాదని ఎంత చెప్పినా ఆమెకు ఎక్కేది కాదు. గొర్ల కళ్లకు తన తండ్రి వేసే ఆకు ఒకటి ఉందని, రోజూ తెల్లవారకముందే పొలాల వెంట పోయి తెచ్చేది. దాన్ని నలిపి, గుడ్డలో పెట్టి, కొడుకు తల ఒళ్లో పెట్టుకొని రెండు కళ్లలో పిండేది. అది నిప్పులా మండుతుందని భిక్షపతి ఒక్కసారి రుక్కమ్మతో అన్నాడు. తల్లితో అనలేదు. కళ్లు ఎర్రగా వాచి నీళ్లు కారుతుంటే, ఆమె కొంగుతో తుడిచి అడిగేది.

"ఎట్లున్నది బిడ్డా?"

"ఇయ్యాల జర మంచిగనే కనవడ్తుందవ్వా."

గోపమ్మ నమ్మింది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ ఆకు తెచ్చింది. ఆ ఆకు వేయొద్దని ఆపితే అత్త ఏమవుతుందో, ఆపకపోతే మొగుడు ఏమవుతాడో రుక్కమ్మకు తెలుసు. పొయ్యి దగ్గర కూర్చొని, రొట్టె తిరగేస్తూ, వాళ్లిద్దరి వైపు చూడకుండా ఉండడం నేర్చుకుంది.